స్టేజీ: ఉప్పల్, నాచారం వాడుకలో ఒక రంగస్థల పదం

నాటకంతో, ప్రయాణంతో, రోగంతో, ఇంటి కట్టుబడితో, బోరు మోటారుతో ఒకేసారి చుట్టరికం ఉన్న మాట స్టేజీ. ఇంగ్లిషు నుంచి తెలుగులోకి వచ్చి నూరేళ్లు దాటింది. స్టేజి, స్టేజ్ అని కూడా రాస్తారు. ముందు ఒక అచ్చు చేర్చుకొని ‘ఇస్టేజీ’ అనేవాళ్లు, సకారం వదిలేసి ‘టేజీ’ అనేవాళ్లు పాత తరంలో ఇంకా ఉన్నారు. స్కూలు ఇస్కూలైనట్టు, స్టేషను టేషనైనట్టు ఇదీ తెలుగు నాలుకకు అనువుగా మెత్తబడింది. కోస్తా జిల్లాల్లో ఈ మాట వినగానే నాటకమో సభో గుర్తుకొస్తుంది. తెలంగాణలో, అందులోనూ హైదరాబాద్‌కు తూర్పు వాకిలి లాంటి ఉప్పల్‌లో, ముందుగా తలపుకొచ్చేది బస్సు ఆగే చోటు. ‘స్టేజీకాడ దిగిన’ అంటే ఇక్కడ ఎవరూ నటుడు వేదిక దిగాడని అనుకోరు.

ఈ బస్సు అర్థాన్ని పల్లెటూరి పొరపాటుగా, ‘స్టాప్’ అనబోయి నోరు తిరగక అన్న మాటగా చూసేవాళ్లు చదువుకున్నవారిలో కనిపిస్తారు. వాళ్ల లెక్క తప్పు. మాట పుట్టుక చూసినా, మోటారు చట్టం చూసినా, కండక్టరు చేతిలోని కాగితం చూసినా ఉప్పల్ వాడుకే నిలుస్తుంది.

మాట పుట్టుక

ఇంగ్లిషు ‘స్టేజ్’ పాత ఫ్రెంచిలోని ‘ఎస్తాజ్’ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం నివాసం, మేడలో ఒక అంతస్తు. నేటి ఫ్రెంచిలో అది ‘ఎతాజ్’గా మిగిలి ఇప్పటికీ అంతస్తునే చెబుతోంది. ఆ వెనక ఉన్నది ‘నిలబడు’ అనే అర్థమున్న లాటిన్ ధాతువు. నటులు నిలబడే ఎత్తు వేదిక అనే అర్థం ఇంగ్లిషులో 16వ శతాబ్దంలో గట్టిపడింది. జేమ్స్ బర్బేజ్ 1576లో లండన్ శివారు షోర్‌డిచ్‌లో ‘ది థియేటర్’ అనే నాటకశాల కట్టించిన కాలం అది. ఇంచుమించు అదే రోజుల్లో ప్రయాణంలో ఆగే చోటు, ఒక చోటికీ మరో చోటికీ నడుమ దూరం అనే అర్థాలు కూడా మొలిచాయి. 17వ శతాబ్దంలో చోటు చోటునా గుర్రాలు మార్చుకుంటూ జనాన్ని మోసిన బండికి స్టేజ్‌కోచ్ అని పేరు వచ్చింది. ఎదుగుదలలోనో రోగంలోనో ఒక దశ అనే అర్థం కూడా ఇంగ్లిషులోనే ఏర్పడింది. అంటే ఇంగ్లిషులోనే నాటకపు స్టేజీ, బండి స్టేజీ ఇంచుమించు ఒక ఈడువి. ఒకటి అసలుది, మరొకటి నకలు అనడానికి లేదు.

మేడ అంతస్తుకూ దారిలో ఆగే చోటుకూ ఒకే మాట ఎందుకు అని ఆశ్చర్యపడనక్కర్లేదు. తెలుగువాళ్లకు బాగా తెలిసిన ‘మజిలీ’ కథా ఇదే. అరబ్బీలో దిగడం అనే ధాతువు నుంచి పుట్టిన ‘మంజిల్’ ఫారసీ, ఉర్దూల మీదుగా మనకు మజిలీ అయింది. దారిలో బండి దిగి ఆగే చోటు అది. హైదరాబాద్ ఉర్దూలో అదే ‘మంజిల్’ మేడలో అంతస్తును కూడా చెబుతుంది, రెండంతస్తుల ఇల్లు ‘దో మంజిలా’. ఎక్కడో ఫ్రెంచివాళ్ల మాటా, ఎక్కడో అరబ్బుల మాటా ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఒకే రెండు అర్థాల దగ్గరికి చేరాయి. అంతస్తు ఎక్కేటప్పుడు కాలు ఆగేదీ, దారిలో కాలు ఆగేదీ మనిషికి ఒకే అనుభవంగా తోచి ఉండాలి.

లాటిన్‌లో నిలబడటాన్ని చెప్పే ధాతువుకూ సంస్కృతంలోని ‘స్థా’ ధాతువుకూ మూలం ఒకటే. స్థలం, స్థానం, స్థాయి, సంస్థ అన్నీ ‘స్థా’ పిల్లలు. కాబట్టి ‘రంగస్థలం’లోని స్థలమూ ఇంగ్లిషు స్టేజీ దూరపు అన్నదమ్ములు. ఉప్పల్ కూడలిలో ఈ కుటుంబమంతా కనిపిస్తుంది. మెట్రో స్టేషను ఉంది. బస్టాండు ఉంది. సంస్కృత ‘స్థానం’ హిందుస్థానీలో నలిగి ‘ఠాణా’ అయి, పోలీసు ఠాణాగా ఉంది. ఫారసీ వైపు నుంచి వచ్చిన ‘ఖబరస్తాన్’ చివరి ‘స్తాన్’ కూడా ఈ ఇంటిదే. ఒక్క ‘స్టాప్’ మాత్రం బయటి మనిషి. సందులో పీచు కూరి బిగించడం అనే అర్థమున్న వేరే లాటిన్ మాట దాని మూలం. మరి బస్సు కోసం మనిషి నిలబడే చోటుకు ‘స్టేజీ’ తప్పు, ‘స్టాప్’ ఒప్పు అని ఎలా తీర్పు చెప్పడం?

బస్సు స్టేజీ

బస్సు వాడుకలో ఈ మాటకు రెండు లెక్కలున్నాయి, ఆర్టీసీ లెక్క, ఊరి లెక్క.

ఆర్టీసీ లెక్కలో స్టేజీ ఛార్జీకి కొలబద్ద. ఒక రూటును ఛార్జీ కోసం ముక్కలుగా విడగొడతారు. ఆ ముక్కల హద్దులే స్టేజీలు. బస్సు ఆగే ప్రతి చోటూ స్టేజీ కాదు. రెండు స్టేజీల నడుమ చెయ్యెత్తి ఎక్కినవాడికి వెనకటి స్టేజీ నుంచి ఛార్జీ పడుతుంది, నడుమ దిగేవాడు ముందరి స్టేజీ దాకా కట్టాలి. చట్టంలోనూ ఈ మాటే ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం మామూలు బస్సును ‘స్టేజ్ క్యారేజ్’ అంటుంది. డ్రైవరు కాక ఆరుగురికి మించి జనాన్ని, మనిషికి ఇంత అని విడివిడిగా ఛార్జీ తీసుకొని, మొత్తం దారికో దారిలోని కొన్ని స్టేజీలకో మోసే బండి అని దాని నిర్వచనం. బండి మొత్తాన్ని ఒక బృందం కుదుర్చుకుంటే అది కాంట్రాక్ట్ క్యారేజ్. ఈ తేడా కోర్టు కాగితాల్లో పడి ఉండేది కాదు. కాంట్రాక్ట్ పర్మిట్ తీసుకొని, దారిపొడవునా జనాన్ని ఎక్కించుకుంటూ స్టేజీ క్యారేజీగా తిప్పుతున్న ప్రైవేటు బస్సుల మీద కేసులు పెట్టినట్టు తెలుగు పత్రికల్లో తరచు వార్తలొస్తాయి. అలాంటి వార్త చదివిన ప్రతి పాఠకుడూ స్టేజీని దాని అసలైన ప్రయాణార్థంలోనే చదువుతున్నాడు.

ఈ అర్థం తెలంగాణ పల్లెల్లోకి ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. నిజాం రాష్ట్ర రైల్వే 1932 జూన్‌లో తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలుపెట్టింది. బస్సుతో పాటే టికెట్టూ, టికెట్టుతో పాటే స్టేజీ లెక్కా వచ్చాయి. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్‌టీసీ ఏర్పడేనాటికి ఆ లెక్క జనానికి అలవాటైపోయింది. మరోవైపు కోస్తాలో, రాయలసీమలో 1880లలోనే నాటక సమాజాలు పుట్టాయి. కందుకూరి వీరేశలింగం 1880లో రాజమహేంద్రవరంలో విద్యార్థుల చేత నాటకం ఆడించాడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో సురభి వారి ప్రస్థానం మొదలైంది. పరదాలు కట్టి, పలకలు పరిచిన నాటక వేదిక అక్కడివాళ్లకు ముందు పరిచయమైంది. తెలంగాణ పల్లె మనిషికి స్టేజీ అనే మాటను నాటకం కంటే ముందు బస్సే మోసుకొచ్చిందని నా నమ్మకం. ఒకే మాటకు రెండు ప్రాంతాల్లో రెండు అర్థాలు ముందువరసలో నిలవడానికి అంతకు మించిన కారణం నాకు తోచదు.

కండక్టరు పనిలో స్టేజీ ఎంత ముఖ్యమో పాత టికెట్ల రోజుల్లో బస్సెక్కినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తోలు సంచి, రంగురంగుల టికెట్ల కట్టలు పేర్చిన పెట్టె, అట్టకు బిగించిన ఎస్సార్ అనే లెక్కల కాగితం, చెవిలో పెన్ను. స్టేజీ దాటేటప్పుడల్లా ఏ కట్టలో ఏ నంబరు దాకా టికెట్లు తెగాయో ఎస్సార్‌లో రాయాలి. చెకింగ్ వాళ్లు ఎక్కగానే ముందు చేయి చాచేది దానికే. రాసిన నంబరుకూ చేతిలోని కట్టకూ పొంతన కుదరకపోతే ఉద్యోగం మీదికి వచ్చేది. అందుకే జనం కిక్కిరిసిన రోజున స్టేజీ రాకముందే బస్సును రోడ్డు పక్కకు తీయించి, ‘టికెట్ టికెట్’ అంటూ చివరి మనిషి దాకా కొట్టి, కాగితం నింపి, అప్పుడు రైట్ అనేవాళ్లు. విసుక్కునే ప్రయాణికుడికి అది ఆలస్యం. కండక్టరుకు మాత్రం ఆ కాగితం మీద ఒక్కో గడి నింపడం ఒక గండం దాటడం. ఇప్పుడు టికెట్టు యంత్రం వచ్చింది, నంబర్లు అదే చూసుకుంటుంది. స్టేజీ మాత్రం పోలేదు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు ఇస్తున్న జీరో టికెట్టు మీద కూడా ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ అచ్చవుతాయి. డబ్బు సున్నా అయినా దూరం లెక్కకు రావాలి కదా.

ఇక ఊరి లెక్క. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి యాదగిరిగుట్ట, జనగామ, హనుమకొండ వైపు సాగే రహదారికి చాలా ఊళ్లు లోపలగా ఉంటాయి. బస్సు ఊళ్లోకి రాదు. ఊరి బాట వచ్చి పెద్ద రోడ్డును కలిసే చోట దింపి పోతుంది. ఆ చోటే ఊరి స్టేజీ. మొదట అక్కడ ఒక చెట్టు నీడ, తర్వాత ఒక చాయ్ హోటలు, పంక్చరు కొట్టు, ఎరువుల దుకాణం, వైను షాపు, కొన్నాళ్లకు పక్కా ఇళ్లు. చివరికి ఊరి పేరుకు ‘స్టేజీ’ తోకగా చేరి వేరే స్థలనామం తయారవుతుంది. జిల్లా పేజీల్లో ఫలానా స్టేజీ వద్ద ప్రమాదం, ఫలానా స్టేజీ వద్ద రాస్తారోకో అని చదువుతాం. రైతుకు పంట అమ్ముకునే దారి, చదువుకునే పిల్లకు కాలేజీ దారి, గల్ఫ్‌కు పోయే కొడుకుకు తల్లి చెయ్యూపే చోటు అన్నీ అక్కడే. పొద్దుగూకాక ఉప్పల్‌లో బస్సెక్కే పెద్దామెకూ కండక్టరుకూ నడిచే మాటల్లో ఊరి పేరు కూడా అక్కర్లేదు.

‘యాడ దిగుతవ్ పెద్దమ్మా?’
‘మా స్టేజీకాడ బిడ్డా. చీకటైతది, జర చూసి దింపు.’
‘ఏ స్టేజీ?’
‘గదే, మర్రిచెట్టు స్టేజీ. ఆ చెట్టు ఇప్పుడు లేదులే.’

చెట్టు పోయినా స్టేజీ పేరు పోదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేసిన చెట్లు, మూతపడ్డ ఫ్యాక్టరీలు, పూడిపోయిన బావులు ఇలా స్టేజీల పేర్లలో బతుకుతుంటాయి. నగరం లోపల మాత్రం మాట పలచబడుతోంది. నాచారం, హెచ్‌ఎంటీ నగర్, హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ 8 దగ్గర ఎక్కే కుర్రవాళ్లు ‘స్టాప్’ అంటున్నారు. 2017 నవంబరు నుంచి నాగోల్, ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ మీదుగా మెట్రో నడుస్తున్నాక ‘స్టేషన్’ బలపడింది. ఉప్పల్ కూడలిలో కాసేపు నిలబడితే, వరంగల్ వైపు పోయేవాళ్ల నోట స్టేజీ, నగరంలోకి పోయేవాళ్ల నోట స్టాపు, పైన మెట్రో వాళ్ల నోట స్టేషను వినిపిస్తాయి. ఎవరు ఎటు పోతున్నారో మాటను బట్టి చెప్పొచ్చు.

ఈ వాడుక తెలంగాణ ఒక్కదానిదీ కాదు. బ్రిటన్‌లో బస్సు ఛార్జీ హద్దును ‘ఫేర్ స్టేజ్’ అనే పిలిచేవారు. ఒకప్పుడు బ్రిటన్ పాలనలో ఉన్న కెన్యా, ఉగాండాల్లో నేటికీ మటాటు బళ్లు ఆగే చోటు స్టేజీయే. నైరోబీకి ఉద్యోగానికి వెళ్లిన తెలంగాణ మనిషికి అక్కడ ఈ ఒక్క మాటను ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

నేల మీది ఆట

తెలంగాణలో నాటకం లేదని కాదు, దానికి ఎత్తు వేదిక అక్కర్లేకపోయిందని. చిందు కళాకారులు యక్షగానాన్ని ఊరి నడుమ నేల మీద, చుట్టూ జనం కూర్చోగా ఆడతారు. ఒగ్గు కథకుడు వాకిట్లో నిలబడి, పక్కవాద్యాలతో తిరుగుతూ చెబుతాడు. చిందు యక్షగానానికి జీవితం అర్పించిన జనగామ ప్రాంతపు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ నేల మీది ఆటకు దేశం దృష్టిలో గౌరవం దక్కింది. వాళ్ల ఆటను ఊళ్లో ‘బాగోతం’ అంటారు. అదే మాటను పత్రికలు అవినీతికీ కుంభకోణానికీ పేరుగా వాడుతున్నాయి. ఫలానావారి బాగోతం బట్టబయలు అని శీర్షిక పెట్టే ముందు, ఆ మాట మీద బతికిన కుటుంబాలు ఇంకా ఉన్నాయని ఎవరైనా తలచుకుంటే బాగుండును. భాగవత కథ ఆడినందుకు వచ్చిన పేరు అది.

‘రంగం’ అనే మాట తీరు వేరు. సంస్కృతంలో నాటకశాలకు పేరైన ఈ మాట పత్రికల్లో ‘రంగం సిద్ధం’ అయింది. విద్యారంగం, వైద్యరంగం అని ఉద్యోగ శాఖలకూ అంటుకుంది. జంటనగరాల్లో దానికి ఇంకో అర్థం ఉంది. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల మరునాడు జరిగే భవిష్యవాణిని రంగం అంటారు. అమ్మవారు పూనిన స్త్రీ పచ్చి కుండ మీద నిలబడి వానలూ పంటలూ జబ్బులూ ఎలా ఉంటాయో చెబుతుంది. కాల్చని మట్టి కుండ, దాని మీద రెండు పాదాలు. మనిషి నిలబడి పదిమందికి మాట చెప్పడానికి అంతకన్నా చిన్న వేదిక ఎక్కడా ఉండదు.

నాచారం, చక్రాల వేదిక

ఉప్పల్ పక్కనే ఉన్న నాచారంలో ఈ పదం నాటకం వైపు తిరుగుతుంది. కారణం ఎన్.టి. రామారావు. 1970ల నడుమ ఆయన ఇక్కడ రామకృష్ణ స్టూడియో నెలకొల్పాడు. 1977 జనవరి 14న విడుదలైన దాన వీర శూర కర్ణ అక్కడ తయారైంది. దర్శకత్వం, నిర్మాణం, కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు అన్నీ ఆయనే. కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలు పద్యనాటకపు గుక్క తిప్పుకోనివ్వని ఊపుతో సాగుతాయి. సినిమా నుంచి అవి మళ్లీ స్టేజీకే చేరాయి. బడి వార్షికోత్సవంలో అట్ట కిరీటం పెట్టుకున్న పిల్లవాడు ఒక్క ఊపిరిలో దుర్యోధనుడి మాటలు అప్పజెప్పడం తెలుగు ఊళ్లన్నిటా చూసిందే. నటుడిగా రామారావు పుట్టింది కూడా నాటకంలోనే. విజయవాడ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ రాసిన నాటకంలో నాగమ్మ వేషం వేసి, మీసం తీయనని పట్టుబట్టి ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్నాడు. ఆయన సమాజం పేరు నేషనల్ ఆర్ట్ థియేటర్. తర్వాత సినిమాలు తీసినప్పుడూ ఆ పేరే పెట్టుకున్నాడు.

సినిమావాళ్లు మాత్రం స్టేజీ అనరు. స్టూడియోలో చిత్రీకరణ జరిగే పెద్ద కొట్టాన్ని ఇంగ్లిషువాళ్లు సౌండ్ స్టేజ్ అంటే, మనవాళ్లు ‘ఫ్లోర్’ అంటారు. సినిమా ‘ఫ్లోర్ మీదికి వెళ్లింది’, ‘సెట్స్ మీద ఉంది’ అంటారు. ఫ్లోర్ అన్నా అంతస్తే కాబట్టి ఎస్తాజ్ పాత అర్థం ఇక్కడ వేరే పేరుతో తిరుగుతోందన్నమాట.

1982 మార్చి 29న తెలుగుదేశం పెట్టాక రామారావు పాత షెవ్రొలే వ్యానును చైతన్యరథంగా మార్చి, దాని కప్పు మీద నిలబడి రాష్ట్రమంతా తిరిగాడు. అంతకుముందు నాయకుడు మాట్లాడాలంటే ఊరివాళ్లు వేదిక కట్టి, జనాన్ని అక్కడికి తోలుకురావాలి. చైతన్యరథం వేదికనే జనం దగ్గరికి నడిపింది. బండి ఆగిన ప్రతి కూడలీ ఒక స్టేజీ, బండి కప్పూ ఒక స్టేజీ. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రి అయ్యాడు. వాహనం కప్పు మీద నిలబడి మాట్లాడటం ఆ తర్వాత తెలుగునాట ఎన్నికల ప్రచారానికి ఆనవాయితీ అయింది.

వేదికా మజిలీ కలవడం అంతకుముందూ జరిగింది. మధ్యయుగపు ఇంగ్లండులో, యార్క్ నగరంలో, బైబిలు కథల నాటకాలను చక్రాల బళ్ల మీద ఆడేవారు. బండి వీధిలో ముందే నిర్ణయించిన చోట్ల ఆగి, ప్రతి చోటా అదే ఘట్టం ఆడి, తర్వాతి చోటుకు సాగిపోయేది. జనం కదలరు, కథ కదులుతుంది. మన వీధుల్లో ఉత్సవ విగ్రహం వాహనమెక్కి ఊరేగుతూ ఇంటింటి ముందు ఆగి హారతి అందుకోవడం చూసినవారికి ఇది వింతగా ఉండదు.

‘థియేటర్’ సంగతి కూడా నాచారంలోనే చెప్పుకోవచ్చు. గ్రీకులో చూసే చోటు అని దీని అర్థం. ఇక్కడ వైజయంతి అంటే సినిమా థియేటర్. ఈఎస్ఐ ఆసుపత్రిలో థియేటర్‌కు తీసుకెళ్లారంటే ఆపరేషన్. 16వ శతాబ్దం చివర ఇటలీలోని పాదువాలో విద్యార్థులు మెట్ల వరసల్లో నిలబడి కిందకు చూస్తుండగా శవాన్ని కోసి శరీర నిర్మాణం నేర్పిన గది ఈ వైద్యపు వాడుకకు మొదలు. నాచారం పారిశ్రామికవాడ కార్మికుడి ఇంట్లో ‘థియేటర్’ అనే మాట గొంతు తీరును బట్టి పండగో కంగారో అవుతుంది. ఉప్పల్ కూడలి మీద 2023లో తెరిచిన గుండ్రటి పాదచారుల వంతెనకు ఎవరూ ఈ పేరు పెట్టలేదు గానీ, సాయంత్రం దాని కమ్మీల వెంట నిలబడి కింది ట్రాఫిక్కును చూసే జనాన్ని చూస్తే గ్రీకువాళ్ల అర్థం అక్కడే బాగా అతికింది.

పెళ్లి స్టేజీ

ఇప్పుడు ఎక్కువమంది తెలుగువాళ్లు జీవితంలో ఎక్కే స్టేజీ పెళ్లి రిసెప్షన్‌ది. ఉప్పల్, బోడుప్పల్, నాచారం ఫంక్షన్ హాళ్లన్నిటా ఒకే తీరు. పూల గోడ, ఎర్రటి పెద్ద సోఫా, ఎడమవైపు ఎక్కే మెట్లు, కుడివైపు దిగే మెట్లు. వరుసలో నిలబడి, కవరు అందించి, వీడియో లైటు వైపు ఒక నవ్వు నవ్వి, దిగి భోజనాలకు నడవడం. నిమిషం కూడా పట్టదు. ఎప్పుడూ సభలో నోరు విప్పని అమ్మమ్మలు కూడా ఆ నిమిషం కొంగు సర్దుకొని నిండుగా నిలబడతారు. ‘స్టేజీ ఎక్కినవా లేదా?’ అని చుట్టాలు అడిగేది ఇందుకే. ఎక్కకపోతే ఆల్బంలో ఉండరు, పెళ్లికి వచ్చినట్టు సాక్ష్యం ఉండదు.

దశ, స్టేజీ

ఎదుగుదలలో మెట్టు అనే అర్థానికి తెలుగులో దశ ఉంది. పత్రికలు రాకెట్టుకు దశలు రాస్తాయి. ఉప్పల్ స్టేడియంలో 2023 ప్రపంచ కప్ లీగ్ దశ మ్యాచ్‌లు మూడు జరిగాయని రాస్తాయి. రోగం దగ్గర మాత్రం జనం దశ అనరు. ‘ఏ స్టేజీ అన్నరు?’ అనే అడుగుతారు. దశ అంటే మనకు జాతకం. శని దశ, శుక్ర దశ, దశ తిరగడం. రోగి గురించి దశ అంటే గ్రహాల మీద నెట్టినట్టుంటుంది. స్టేజీ అంటే డాక్టరు పరీక్ష చేసి తేల్చిన లెక్క. క్యాన్సరును గడ్డ పరిమాణం, గ్రంథులకు పాకడం, ఇతర అవయవాలకు చేరడం అనే మూడింటిని బట్టి స్థూలంగా నాలుగు స్టేజీలుగా విభజిస్తారు. మొదటి స్టేజీలో పట్టుకుంటే కోలుకునే అవకాశం చాలా రోగాల్లో బాగా ఎక్కువ. నాలుగో స్టేజీ అంటే ఇక దారి లేదని కూడా కాదు. చికిత్సలు మెరుగైన చోట ఏళ్ల తరబడి బతుకుతున్నవారున్నారు. మన మాటల్లోని ‘లాస్ట్ స్టేజీ’ ఈ తేడాను మింగేస్తుంది. బస్సుకు ఆఖరి స్టేజీలో అందరూ దిగిపోవాలి. రోగానికి ఆ పోలిక తగిలించి మంచం పక్కనే నిలబడి ‘లాస్ట్ స్టేజీ అట’ అని చెప్పుకునేవాళ్లు, వినే రోగి చెవులు పనిచేస్తున్నాయని మరిచిపోతారు.

మేస్త్రీ, మోటారు

ఎస్తాజ్ పాత అర్థమైన అంతస్తు, ఎవరూ పిలవకుండానే తాపీ మేస్త్రీల నోట తిరిగి వచ్చింది. బేస్‌మెంట్ స్టేజీ, లింటెల్ స్టేజీ, స్లాబు స్టేజీ. బ్యాంకు ఇంటి అప్పును ఈ లెక్కన విడుదల చేస్తుంది. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో వచ్చే 5 లక్షల రూపాయల సాయం కూడా కట్టుబడి సాగిన కొద్దీ విడతలుగానే అందుతుంది. ‘ఇల్లు ఎంతవరకొచ్చింది?’ అంటే ‘స్లాబు స్టేజీల ఆగింది’ అనే జవాబులో డబ్బు కథంతా ఉంటుంది.

బోరు మోటార్ల దుకాణంలోనూ ఇదే మాట. లోతు బోర్లలో దించే సన్నని పంపు లోపల చిన్న చక్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక్కో చక్రమూ దాని గిన్నే కలిసి ఒక స్టేజీ. కింది చక్రం తిరిగి నీటిని కొంత ఒత్తిడితో పైదానికి అందిస్తే, అది ఇంకొంత చేర్చి ఆ పైదానికి ఇస్తుంది. బోరు ఎంత లోతైతే అన్ని ఎక్కువ స్టేజీలు కావాలి. అందుకే దుకాణదారు హార్స్‌పవర్ ఒక్కటి చెబితే ఊరుకోడు, ‘ఎన్ని ఫీట్లు ఏసిన్రు, ఎన్ని స్టేజీలు పెట్టాలె?’ అని అడుగుతాడు. ఎండాకాలంలో ఉప్పల్ చుట్టుపక్కల నీటి మట్టం దిగిపోయి, అపార్ట్‌మెంట్ వాళ్లు పాత మోటారు పైకి లాగి స్టేజీలు పెంచి దించుకుంటారు. నల్లని పైపు వెంట నీళ్లు స్టేజీ తర్వాత స్టేజీ ఎక్కి వచ్చి, అయిదో అంతస్తు మీది ట్యాంకులో పడతాయి.